పాత ఓబీఎం కొనేటప్పుడు: స్టార్ట్ కావడం ఒక్కటే చాలదు

క్లుప్తంగా

ఓబీఎం అంటే బోటు వెనక బిగించే అవుట్‌బోర్డ్ మోటారు. పాత ఫైబర్ బోటు బేరంలో డబ్బు పోయేది ఎక్కువగా ఈ మోటారు దగ్గరే. తాడు లాగగానే మోటారు అందుకుంటే చాలామంది తృప్తి పడతారు. రింగులు అరిగినా, గేరు కేసు సీలు తెగినా, నీటి దారుల్లో ఉప్పు పేరుకున్నా మోటారు అందుకుంటూనే ఉంటుంది. అసలు పరిస్థితి మూడు సందర్భాల్లో బయటపడుతుంది: పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు, నీటిలో బరువు మీద పరుగెత్తినప్పుడు, వేడెక్కాక ఆపి మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు. గేరు ఆయిల్, కంప్రెషన్ (సిలిండరులో పుట్టే ఒత్తిడి), చల్లదనపు నీరు చూడకుండా ధర మాట్లాడకూడదు.

ఏళ్ల లెక్క ఎందుకు నిలవదు

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. బోట్లు ఒడ్డుకు చేరేది, వలలు బాగుచేసుకునేది, మోటార్లు విప్పేది అప్పుడే. పాత బోట్లు చేతులు మారడానికీ అదే అదను. అమ్మేవారు మొదట చెప్పే మాట మోటారు వయసు. ‘నాలుగేళ్లే అయింది’ అంటే కొత్తదన్నట్టు వినిపిస్తుంది.

చిన్న ఓబీఎంలలో చాలావాటికి గంటల మీటరు ఉండదు కాబట్టి లెక్క మనమే వేసుకోవాలి. రోజుకు 4 గంటలు, నెలకు 20 రోజులు, ఏడాదిలో 10 నెలలు తిరిగిందనుకుంటే 800 గంటలు. నాలుగేళ్లకు 3,200. సరదాకు పడవ నడిపే దేశాల్లో ఏటా 100 గంటలు కూడా తిరగని మోటార్లు ఎన్నో. అక్కడ ఇరవై ఏళ్ల మోటారు కన్నా ఇక్కడ నాలుగేళ్ల వేట మోటారు ఎక్కువ అరిగి ఉండొచ్చు. అందుకే విదేశీ వీడియోల్లో వయసును బట్టి చెప్పే ధరల సూత్రాలు మన తీరానికి సరిపోవు.

గంటలతో పాటు చోటు కూడా ముఖ్యం. ఉప్పాడ, వాడరేవు లాంటి చోట్ల బోట్లు అలలను దాటి నేరుగా ఇసుక ఒడ్డుకు వస్తాయి. ఆ కొద్ది నిమిషాల్లో మోటారు నీటితో పాటు ఇసుకనూ లాక్కుంటుంది. నీటి పంపులో ఇంపెల్లరు రబ్బరు రెక్కలు అరుగుతాయి, దాని చుట్టూ ఉన్న గిన్నెకు చారలు పడతాయి. గోదావరి పాయల్లోనో నాగార్జునసాగర్ జలాశయంలోనో తిరిగిన మోటారుకు ఉప్పు బెడద ఉండదు. దానికి వచ్చే చిక్కులు వేరు: బండరాళ్ల దెబ్బలు, బురద, నెలల తరబడి కదలకుండా ఉండడం. తక్కువ తిరిగింది కదా అని వేలంలో కొన్న మోటారులో కార్బురేటరు జిగురు పట్టి, ఇంపెల్లరు రెక్కలు ఒకే వంపులో బిగుసుకుపోయి, గొట్టాలు పగుళ్లు తేలి ఉండడం మామూలే.

చల్లగా ఉండగా కనిపించేవి

చూడ్డానికి వెళ్లినప్పుడు మొదట పై మూత తీసి సిలిండర్ హెడ్ మీద చెయ్యి పెట్టి చూడాలి. గోరువెచ్చగా ఉందంటే ముందే ఒకసారి నడిపారన్నమాట. చల్లగా ఉన్నప్పుడు మొరాయించే మోటారును ఇలా దాచేస్తారు. అలాంటప్పుడు మర్నాడు ఉదయం మళ్లీ రావడమే మంచిది.

మూత తీసి ఉన్నప్పుడే మరి కొన్ని చూడొచ్చు. హెడ్ మీద రంగు కమిలి, పొక్కులు లేచి ఉంటే అది ఎప్పుడో బాగా వేడెక్కింది. హెడ్ బోల్టుల తలలు కొత్తగా మెరుస్తుంటే లోపల పని జరిగింది. ఏ పనో, ఎందుకు చేయించారో అడగాలి. జాయింట్ల దగ్గర తెల్లని ఉప్పు చారలుంటే అక్కడ నీరు కారుతోంది.

నీట మునిగిన మోటారును గుర్తించడం అన్నిటికన్నా కష్టం. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ లాంటి తుపానుల తర్వాత ఇలాంటివి అమ్మకానికి రావడం సహజం. రెండు స్ట్రోకుల మోటారులో క్రాంక్ బేరింగులకు ఇంధనంతో కలిసి వచ్చే ఆయిల్ పొర తప్ప వేరే రక్షణ లేదు. ఉప్పునీరు తగిలాక కొన్ని గంటల్లోపే విప్పి కడిగి ఆయిల్ పట్టించకపోతే రోలర్ల మీద తుప్పు గుంటలు పడతాయి. పైన తుడిచి రంగు వేసినా ఫ్లైవీల్ కింద మూలల్లో సన్నని ఒండ్రు మిగిలే ఉంటుంది. వైర్ల జాయింట్లలో పచ్చని చిలుము కనిపిస్తుంది. ఫ్లైవీల్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపితే పక్కకు ఆట ఉండకూడదు. చేత్తో మెల్లగా తిప్పితే గరగరమనకూడదు. ఇలా తిప్పే ముందు ప్లగ్గులు తీసేయడం, కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే స్విచ్) తాడు లాగి ఉంచడం తప్పనిసరి.

ఇక జింక్ ముక్క. ఉప్పునీటిలో అల్యూమినియం బదులు తాను కరిగిపోవడమే దాని పని. సగం కరిగి ఉందంటే పని చేసినట్టే, మారిస్తే సరిపోతుంది. అసలు లేకపోయినా, దాని మీద రంగు పూసి ఉన్నా కరిగింది గేరు కేసే. ఏళ్ల తరబడి సముద్రంలో తిరిగిన మోటారుకు జింక్ చెక్కుచెదరకుండా ఉంటే అనుమానించాలి. అది నిన్న మార్చినదైనా కావాలి, బోల్టు దగ్గర తుప్పు వల్ల లోహానికి సరిగా తగలకుండా అయినా ఉండాలి.

గేరు ఆయిల్: రెండుసార్లు చూడాల్సిన పరీక్ష

మొత్తం తనిఖీలో ఒకే ఒక్క పరీక్షకు వీలుంటే దీన్నే ఎంచుకోవాలి. ఖర్చు దాదాపు లేదు, దొరికే సమాచారం ఎక్కువ.

నీరు ఆయిల్ కన్నా బరువు. మోటారు రాత్రంతా నిలువుగా ఉంటే, లోపలికి వచ్చిన నీరు గేరు కేసు అడుగుకు చేరుతుంది. పొద్దున స్టార్ట్ చేయక ముందే కింది స్క్రూను పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు మాత్రమే వదులు చేసి, పారదర్శకమైన సీసాలోకి కొద్దిగా వదలాలి. మొదట నీటి చుక్కలు వచ్చి ఆ తర్వాత ఆయిల్ వస్తే సీలు పోయినట్టే. తెల్లగా పాలలా వస్తే నీరు, ఆయిల్ గేర్ల మధ్య నలిగి కలిసిపోయాయి. నల్లగా, మాడు వాసనతో వస్తే చాలా కాలంగా ఆయిల్ మార్చలేదు. స్క్రూ కొసన అయస్కాంతం ఉంటే దానికి అంటిన సన్నని బూడిద రంగు ముద్ద మామూలు అరుగుదలే. వేలికి గుచ్చుకునే రజను, పలుకులు వస్తే గేరు పళ్లు విరుగుతున్నాయి.

సీలు పోవడానికి వేటలో ఒక ప్రత్యేక కారణం ఉంది. తెగిన తంగూసు (నైలాన్ దారం) ఫ్యాను (ప్రొపెల్లరు) వెనక చుట్టుకుని, తిరిగే కొద్దీ వేడెక్కి షాఫ్టు సీలులోకి కోసుకుంటూ పోతుంది. బయట నుంచి ఏమీ కనిపించదు. ఫ్యాను నట్టు విప్పి, ఫ్యాను తీసి, దాని వెనక ఉండే వాషరు చుట్టూ చూడాలి. అక్కడ ఆకుపచ్చగానో తెల్లగానో బిగుసుకున్న దారం కనిపిస్తే, ఆయిల్ బాగున్నా సీలు ఖర్చు వేసుకోవలసిందే.

అమ్మేవారు ముందురోజు ఆయిల్ మార్చి ఉంటే? అందుకే రెండోసారి చూడాలి. అరగంట నీటిలో నడిపి వచ్చాక అదే స్క్రూ వదులు చేస్తే, సీలు తెగిన గేరు కేసులోని కొత్త ఆయిల్ కూడా మసకబారుతుంది. బంగారు రంగు అలాగే ఉంటే ధైర్యంగా ముందుకు వెళ్లొచ్చు. స్క్రూ బిగించేటప్పుడు పాత వాషరు వాడకూడదు. నీరు లోపలికి వెళ్లే దారుల్లో అదీ ఒకటి.

ఫ్యానును చేత్తో తిప్పుతూ షాఫ్టు కొసను గమనించాలి. అది కంటికి కనిపించేంతగా ఊగుతుంటే షాఫ్టు వంగింది. కింద చేప రెక్కలా ఉండే భాగం విరిగి, వెల్డింగు పెట్టి ఉంటే నేలకు గట్టిగా తగిలిన చరిత్ర ఉందన్నమాట. ఆ రెండూ కలిసి కనిపిస్తే గేరు కేసు మార్పిడి ఖర్చు బేరంలోకి రావాలి.

కంప్రెషన్ అంకె కన్నా తేడా ముఖ్యం

రెండు సిలిండర్ల మోటారైతే రెండు ప్లగ్గులూ తీసి, గేజీ బిగించి, రేసు పూర్తిగా తెరిచి తాడును ఐదారు సార్లు గట్టిగా లాగాలి. రెండో సిలిండరుకు కూడా అన్నే సార్లు. ప్లగ్గు వైర్లను ఇంజన్ ఒంటికి తగిలేలా ఎర్త్ చేయాలి. గాలిలో వేలాడదీసి లాగితే ప్లగ్గుకు స్పార్కు పంపే సీడీఐ యూనిట్ దెబ్బతినొచ్చు.

పెట్రోలుతో నడిచే చిన్న రెండు స్ట్రోకుల మోటార్లలో 90 నుంచి 120 పీఎస్ఐ సాధారణంగా కనిపించే అంకె. కిరోసిన్ కోసం తయారైనవాటిలో కంప్రెషన్ కావాలనే తక్కువగా ఉంచుతారు. నాలుగు స్ట్రోకుల మోటార్లు కొన్నిటిలో స్టార్టింగ్ తేలిక కోసం కంప్రెషన్‌ను కొంత వదిలే ఏర్పాటు ఉంటుంది కాబట్టి అంకె మోసం చేస్తుంది. అందువల్ల రెండు సిలిండర్ల మధ్య తేడానే పట్టుకోవాలి. 10 శాతంలోపు ఉంటే సరే. 15 శాతం దాటితే కారణం వెతకాలి. తక్కువ ఉన్న సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ లాగితే అంకె బాగా పెరిగిందా, రింగులు లేదా బోరు అరిగాయి. పెరగలేదా, హెడ్ గ్యాస్కెట్ వైపు చూడాలి.

బయటికి తీసిన ప్లగ్గులు కూడా చాలా చెబుతాయి. గోధుమ రంగు ఆరోగ్యం. తడిగా నల్లగా ఉంటే ఇంధనం సరిగా కాలడం లేదు. ఒకటి నల్లగా, రెండోది ఆవిరితో కడిగినట్టు తెల్లగా ఉంటే ఆ తెల్లదాని సిలిండరులోకి నీరు వస్తోంది. పింగాణీ మీద వెండి రంగు చుక్కలు మెరుస్తుంటే పిస్టన్ లోహం కరిగి ఎగిరిందని అర్థం, ఆ మోటారును అక్కడితో వదిలేయాలి. ప్లగ్గులు సరికొత్తవైతే ఏమీ తెలియదు. పాతవి పడేయకుండా ఉంచారేమో అడగడం మేలు.

కిరోసిన్ మోటార్ల విషయంలో ఒక మాట అదనంగా చెప్పుకోవాలి. ఇవి పెట్రోలుతో స్టార్ట్ అయి, వేడెక్కాక కాక్ తిప్పితే కిరోసిన్‌కు మారతాయి. ఆపే ముందు మళ్లీ పెట్రోలుకు తేవాలి. లేకపోతే కార్బురేటరులో మిగిలిన కిరోసిన్ వల్ల మర్నాడు స్టార్ట్ కాదు. ఈ అలవాటు లేని చేతుల్లో నడిచిన మోటారులో కాలని కిరోసిన్ సిలిండరు గోడల ఆయిల్‌ను కడిగేస్తుంది, రింగులు మసితో అతుక్కుంటాయి. పెట్రోలు కోసం తయారైన మోటారులో చౌక అని కిరోసిన్ కలిపి నడిపితే నష్టం ఇంకా పెద్దది. కిరోసిన్ ఆక్టేన్ తక్కువ కాబట్టి బరువు మీద ఇంజన్ నాకింగ్ కొడుతూ పిస్టన్‌ను దెబ్బతీస్తుంది.

బోటులో ఉన్న ఆయిల్ డబ్బా మీద పేరు కూడా చదవాలి. నీటితో చల్లబడే ఓబీఎంలకు టీసీ-డబ్ల్యూ3 రకం ఆయిల్ ఉంటుంది. దాని బదులు పాత బైకుల 2టీ ఆయిల్ ఏళ్ల తరబడి పోస్తే బూడిద పేరుకుని రింగులు పట్టేస్తాయి. 50:1 పాళ్లంటే 10 లీటర్లకు 200 మిల్లీలీటర్లు. నడిపేవారిని ‘పది లీటర్లకు ఎంత పోస్తారు’ అని మాటల్లో అడిగితే, వచ్చే జవాబును బట్టి ఆ మోటారు ఎలాంటి చేతుల్లో ఉందో అర్థమవుతుంది.

నీటి ధార చెప్పేదీ, చెప్పనిదీ

మోటారు పక్క నుంచి సన్నగా చిమ్మే నీటి ధార బలంగా ఉంటే చల్లదనం బాగుందని అనుకుంటారు. చాలా మోడళ్లలో ఆ ధార పంపు నీరు తోడుతోందని మాత్రమే చెబుతుంది. హెడ్ చుట్టూ ఉన్న సన్నని దారులు ఉప్పుతో మూసుకుపోయినా, థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకునే కవాటం) బిగుసుకున్నా ధార వస్తూనే ఉండొచ్చు. కాబట్టి పది నిమిషాలు నడిపాక హెడ్ మీద కొన్ని నీటి చుక్కలు చల్లి చూడాలి. చుర్రుమని ఆవిరైతే వేడి హద్దు దాటింది. వేడి కొలిచే పరికరం ఉంటే సాధారణంగా 50–70 డిగ్రీల సెల్సియస్ మధ్య చూపాలి. ధార అసలు రాకపోతే ముందు ఆ చిన్న రంధ్రంలో సన్నని తీగ పెట్టి చూడాలి. ఉప్పు గడ్డో పురుగు గూడో అడ్డుపడి ఉంటే అంతటితో సరి.

‘కొద్దిసేపే కదా’ అంటూ నీరు లేకుండా ఒడ్డు మీద స్టార్ట్ చేసి చూపించడానికి ఒప్పుకోకూడదు. పొడిగా తిరిగితే ఇంపెల్లరు రబ్బరు కొన్ని సెకన్లలోనే కాలుతుంది.

డ్రమ్ములో కాదు, నీటిలో బరువు మీద

వేట విరామంలో మోటారును డ్రమ్ములో ముంచి చూపించడమే పరిపాటి. దాంతో స్టార్టింగ్, ధార, ఐడ్లింగ్ తెలుస్తాయి. బరువు మీద తేలే లోపాలు అక్కడ బయటపడవు. అడ్వాన్స్ మాత్రమే ఇచ్చి, నీటిలో పరీక్షించాకే మిగతా డబ్బు ఇస్తామని రాసుకోవడం న్యాయమైన పద్ధతి.

నీటిలో ఇద్దరు ముగ్గురు మనుషులతో, పూర్తి రేసులో కనీసం పదిహేను నిమిషాలు నడపాలి. పాత రెండు స్ట్రోకుల చిన్న మోటార్లలో ఎక్కువ భాగానికి పూర్తి రేసులో 4,500–5,500, నాలుగు స్ట్రోకులవాటికి 5,000–6,000 ఆర్‌పీఎం ఉండాలి. ఇంజన్ గట్టిగా అరుస్తూ బోటు మాత్రం ముందుకు లాగకపోతే ఫ్యాను లోపలి రబ్బరు బుష్ జారుతోంది. బుష్ మీదుగా ఫ్యాను దాకా మార్కరుతో ఒక గీత గీసి నడిపితే, జారినప్పుడు గీత రెండు ముక్కలై పక్కకు జరిగి కనిపిస్తుంది. ఇది చిన్న ఖర్చే.

రెండు నిమిషాలు బాగా లాగి తర్వాత నీరసించిపోతే, నడుస్తుండగానే ఇంధన గొట్టం మీద ఉండే రబ్బరు బల్బును నొక్కి చూడాలి. నొక్కగానే తేరుకుంటే ఇంధన పంపు డయాఫ్రమ్ బలహీనపడింది. బల్బు లోపలికి అణిగిపోతే ట్యాంకు గాలి రంధ్రం మూసి ఉంది లేదా గొట్టంలో అడ్డు ఉంది. పూర్తి బరువు మీద గేరు టకటకమని ఊడి వస్తుంటే లోపలి క్లచ్ పళ్ల అంచులు గుండ్రబడ్డాయి. గేరును ఒక్క ఊపులో వేయకుండా మెల్లమెల్లగా తోసే అలవాటున్న చోట ఇది ఎక్కువ. ఈ మరమ్మతు మాత్రం ఖరీదైనది. రివర్స్ గేరు కూడా వేసి చూడాలి.

ఆపి పది నిమిషాలు ఆగి మళ్లీ తాడు లాగాలి. చల్లగా ఉన్నప్పుడు ఒక్క లాగుకే అందుకుని, వేడి మీద మొరాయిస్తే కాయిల్ లేదా సీడీఐ వేడికి తట్టుకోవడం లేదు. ఈ లోపం ఒడ్డున చిరాకు, అలల మధ్య ప్రాణాపాయం. అలాంటి మోటారును కారణం తేలకుండా కొనకూడదు.

ఇథనాల్ పెట్రోలు తెచ్చిన కొత్త లెక్క

దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం మొదట 2030కి ఉండేది. దాన్ని ముందుకు జరపడంతో 2025 నాటికే బంకుల్లో ఈ20 మామూలైంది. పాత ఓబీఎంలు ఎక్కువగా 10 శాతం దాకానే తట్టుకునేలా తయారైనవి. దీని ప్రభావం మూడు రకాలు. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, డయాఫ్రమ్‌లను మెత్తబరిచి పొరలుగా ఊడేలా చేస్తుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉన్నందువల్ల, జెట్లు మార్చని కార్బురేటరులో మిశ్రమం పలచబడి ఇంజన్ మరింత వేడెక్కుతుంది. మూడోది తీరానికి ముఖ్యమైనది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నీరు హద్దు దాటితే ఆ రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. ఇంధన గొట్టం పీల్చేది ఆ అడుగు పొరనే. 2టీ ఆయిల్ పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది. ఆయిల్ లేని ఆ నీటి పొర కొద్దిసేపు లోపలికి వెళ్లినా పిస్టన్ పట్టేస్తుంది.

అందుకే కొనే ముందు ట్యాంకు అడుగు నుంచి కొంత ఇంధనం గాజు సీసాలోకి తీసి పది నిమిషాలు కదలకుండా ఉంచి చూడాలి. మధ్యలో గీత గీసినట్టు రెండు పొరలు కనిపిస్తే ఆ ఇంధనంతో మోటారును నడపనే కూడదు. వేట నిషేధం రెండు నెలలూ ట్యాంకులో అలాగే నిల్వ ఉన్న పెట్రోలు విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

వెనక పలక

మోటారు బాగున్నా దాన్ని మోసే అమరం (బోటు వెనక భాగం) పలక పుచ్చి ఉంటే బేరం మారిపోతుంది. ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉన్న బోట్లలో బోల్టు రంధ్రాల గుండా నీరు చేరి చెక్క కుళ్లుతుంది. మోటారు కింది భాగాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపితే పలక వంగకూడదు. సుత్తి పిడితో తడితే అంతటా ఒకే గట్టి చప్పుడు రావాలి. బోల్టుల చుట్టూ గోధుమ రంగు నీరు కారిన చారలు ఉండకూడదు.

షాఫ్టు పొడవు కూడా కొలుచుకోవాలి. పొట్టి షాఫ్టు 15 అంగుళాల పలకకు, పొడుగుది 20 అంగుళాల పలకకు. ఫ్యాను పైన ఉండే అడ్డ పలక బోటు అడుగుతో సమంగానో, ఒక అంగుళం లోపు కిందికో ఉండాలి. పైకి ఉంటే అలల మీద ఫ్యాను గాలి పీల్చి ఇంజన్ ఉట్టినే అరుస్తుంది. మరీ కిందికి ఉంటే ఇంధనం వృథా.

ధర, నంబర్లు, కాగితాలు

బోటుకూ మోటారుకూ కలిపి ఒకే ధర మాట్లాడడం కొనేవారికి నష్టం. రెండిటికీ విడివిడిగా ధర కట్టించాలి. పరీక్షలన్నీ నెగ్గిన మోటారుకైనా ఇంపెల్లరు, ప్లగ్గులు, గేరు ఆయిల్, థర్మోస్టాట్, జింక్, ఇంధన గొట్టం మార్చే ఖర్చును ధరలోంచి తగ్గించాలి. కంప్రెషన్ తప్పినా, గేరు కేసులో లోహపు పలుకులు వచ్చినా మోటారుకు విడిభాగాల విలువే కట్టాలి.

విడిభాగాల లభ్యత బ్రాండును బట్టి మారుతుంది. అమెరికా, యూరప్‌లలో కాలుష్య నిబంధనల వల్ల కొత్త కార్బురేటరు రెండు స్ట్రోకుల మోటార్ల అమ్మకం ఎప్పుడో ఆగిపోయినా, మన తీరంలో యమహా ఎండ్యూరో లాంటివి తెలిసిన మెకానిక్కులు ఉన్నారు. ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీని కెనడా కంపెనీ బీఆర్‌పీ 2020 మేలో నిలిపివేసింది. అలాంటివి చౌకగా వచ్చినా, కావలసిన భాగం ఎక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకోవాలి.

బిగింపు బ్రాకెట్ మీద ఉన్న సీరియల్ నంబరును బిల్లుతో పోల్చాలి. చాలా మోడళ్లలో ఇంజన్ బ్లాకు మీద గుండ్రని చిన్న బిళ్లపై కూడా అదే నంబరు ఉంటుంది. రెండూ వేరైతే ఇంజన్ మార్చారన్నమాట, దానికి బిల్లు చూపించాలి. నంబరు గీకేసి ఉంటే బేరం వద్దు. బోటు రిజిస్ట్రేషన్ పత్రంలో మోటారు వివరాలు ఉంటే అవీ సరిపోవాలి. మోటారు ప్రభుత్వ రాయితీ మీద తీసుకున్నదైతే అమ్మకానికి షరతులు ఉండొచ్చు కాబట్టి, డబ్బు పూర్తిగా ఇవ్వక ముందే మత్స్యశాఖ కార్యాలయంలో ఆ నంబరు చూపించి పేరు మార్పిడికి అడ్డంకులేమైనా ఉన్నాయేమో అడిగి తెలుసుకోవాలి.